పక్షికూతకు యంత్రము తోడు

వ్రాసిన మాట నిలుచును. పాడిన పాట గాలిలో కలిసిపోవును. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును నిర్మించువరకు ధ్వనిని పట్టి నిలిపి మరల వినిపించు సాధనము లేకుండెను. 1889లో జర్మనీ దేశమున లుడ్విగ్ కోఖ్ అను ఎనిమిదేండ్ల బాలుడు మైనపు గొట్టముపై ఒక పక్షి పాటను ముద్రించెను. మనకు తెలిసిన పక్షిధ్వని ముద్రణలలో అదియే మొదటిది. ఆ పక్షి మన దేశపు అడవులలోనుండు షామా జాతిది యగుట గమనింపదగినది.

పక్షిపాట సంగీతసభలో ప్రవేశించుటకు మరి 35 ఏండ్లు పట్టినది. 1924లో ఇటలీ స్వరకర్త రెస్పీగీ ‘రోము నగరపు పైన్ వృక్షములు’ అను రచనలో వాద్యబృందమునకు తోడుగా గ్రామఫోను రికార్డుపై నైటింగేల్ పిట్ట పాటను వినిపింపజేసెను. 1972లో ఫిన్లండు స్వరకర్త రౌతవార ఉత్తరధ్రువ ప్రాంతపు పక్షుల కూతలను టేపుపై నెక్కించి ‘కాంటస్ ఆర్క్టికస్’ అను రచనలో వాడెను. అందొక భరతపక్షి కూతను రెండు స్థాయిలు దింపెను. అనగా పౌనఃపున్యమును నాలుగవ వంతు చేసెనన్నమాట. సెకండుకు 4000 కంపనములు గల కూత 1000కి దిగును. టేపును నాలుగవ వంతు వేగముతో త్రిప్పినచో ఇది సిద్ధించును; కాని కూత నాలుగు రెట్లు దీర్ఘమగును. నేటి కంప్యూటరు నిడివిని మార్చకయే స్థాయిని దింపగలదు.

మన దేశమున 1969లో అహమదాబాదులోని జాతీయ డిజైను సంస్థలో ఎలక్ట్రానిక్ సంగీతశాల వెలసినది. అమెరికా దేశీయుడు డేవిడ్ ట్యూడర్ అక్కడ మూగ్ సింథసైజరును నెలకొల్పెను. ఈ యంత్రములో మీటుటకు తీగ లేదు, ఊదుటకు వేణువు లేదు. విద్యుద్వలయములో పుట్టిన కంపనములే స్పీకరు ద్వారా నాదమగును. వోల్టేజి పెరిగినకొలది స్థాయి హెచ్చును. అక్కడ పనిచేసిన ఐ. ఎస్. మాథుర్ తన రచన యొకదానికి ‘నా పక్షులు’ అని పేరిడెను.

ధ్వనిని కంటికి చూపు విద్య వేరొక దారిని వచ్చినది. 1940 దశకమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో ధ్వని వర్ణపటమును గీయు యంత్రము తయారైనది. అడ్డముగా కాలము, నిలువుగా పౌనఃపున్యము దీనిలో గుర్తింపబడును. 1950 దశకమున కేంబ్రిడ్జిలో థోర్ప్ దీని సాయముతో చాఫించ్ పిట్టలను పరిశీలించి, పెద్దపక్షుల పాట విననిచో పిల్లలు సరిగా పాడజాలవని చూపెను. కోయిల కూత అంతకంతకు హెచ్చును గదా. పటములో అది మెట్లవలె పైకి పోవును. నేటి కంప్యూటరు ఈ గణనమును సెకండుకు అనేక పర్యాయములు చేయుచు, వచ్చిన సంఖ్యలతోనే తెరపై రంగులను, ఆకారములను కదలించును. సంగీతసభలలో పక్షికూతతోపాటు ఆడు చిత్రములకు మూలమిదియే.

అయితే కూతను ఇట్లు మార్చుట తగునా? మన కలివికోడి చరిత్ర దీనికి సమాధానము చెప్పును. 1848లో బ్లైత్ వర్ణించిన ఈ పక్షి 1900 తరువాత కనబడక, అంతరించినదని తలపబడి, 1986లో కడప జిల్లాలో మరల దొరకినది. రాత్రివేళ తిరుగు ఈ పక్షిని చూచుట కష్టము. గావున తరువాతి పరిశోధకులు దాని కూతను ముద్రించి, పొదల నడుమ వినిపించి, బదులు కూత వచ్చునేమోయని వెదకిరి. మార్చిన కూత ఇందుకు పనికిరాదు. కళాకారుడు నకలును ఎట్లు మార్చినను దోషము లేదు. మూలమును మాత్రము స్థలము, తేదీ, వేళ వ్రాసి చెక్కుచెదరకుండ భద్రపరుపవలెను.

కోనసీమలో వరిచేలు అనేకచోట్ల చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయినవి. చేను మారినచో అందలి పక్షులును, వాని ధ్వనులును మారును. అమలాపురము, రాజోలు, కొత్తపేట విద్యార్థులు ఉపాధ్యాయుని సెల్‌ఫోనుతో ప్రతినెల ఒకే గట్టున, ఒకే వేళ, పది నిమిషములు ధ్వనిని ముద్రింపవచ్చును. గూళ్ల దరికి పోరాదు, పక్షిని కలతపెట్టరాదు. స్వరము కూర్చుట, చిత్రము కల్పించుట తరువాతి పనులు. నేడు ఆ గట్టున ఏ పక్షులు కూసెనో రాబోవు తరమునకు చెప్పునది ఆ మూలముద్రణయే.