కూల్చేసిన ఓడను మళ్లీ కట్టిన సినిమా

నెలల తరబడి చెక్కా, ప్లైవుడ్డూ, ప్లాస్టర్‌తో నిలబెట్టిన ఇంటిని గుమ్మడికాయ కొట్టిన మర్నాడే పీకేయడం మా పనిలో మామూలే. హైదరాబాద్‌లో సినిమాలకు సెట్లు వేసే నాకు ‘సెరెనిటీ’ అనే హాలీవుడ్ సినిమా మీద ఇంత ప్రేమ అందుకే. అది అభిమానుల విజయమని అందరూ అంటారు. నిజమే. కానీ అందులో కట్టేవాళ్ల కథ కూడా ఉంది.

ఆ సినిమాకు మూలం ఒక టీవీ సీరియల్. 2002 సెప్టెంబర్ 20న అమెరికాలో ఫాక్స్ ఛానెల్ ‘ఫైర్‌ఫ్లై’ని మొదలుపెట్టింది. జాస్ వీడన్ సృష్టి. ఓడిపోయిన పక్షాన యుద్ధం చేసిన ఒక కెప్టెన్, అతని పాత సరుకుల వ్యోమనౌక, అందులో తలదాచుకున్న మనుషులు. వాళ్లందరినీ పరిచయం చేసే రెండు గంటల తొలి భాగాన్ని ఛానెల్ పక్కనపెట్టి, రైలు దోపిడీ భాగంతో మొదలెట్టింది. తొలి భాగం అన్నిటికన్నా చివర, డిసెంబర్ 20న వచ్చింది. అప్పటికే సీరియల్ రద్దయింది. తీసినవి 14, ఆ ఏడాది వేసినవి 11. ఎవరు ఎవరో తెలియకుండా కథలోకి తోసేస్తే జనం ఎలా చూస్తారు? ఆ తప్పు ముమ్మాటికీ ఛానెల్‌దే.

2003 డిసెంబర్‌లో మొత్తం 14 భాగాలూ సరైన వరుసలో డీవీడీగా వచ్చాయి. బాగా అమ్ముడుపోయాయి. యూనివర్సల్ సంస్థలో మేరీ పేరెంట్ ఈ కథను నమ్మారు. అలా ‘సెరెనిటీ’ సినిమాకు దాదాపు 3 కోట్ల 90 లక్షల డాలర్లు దొరికాయి. హాలీవుడ్ అంతరిక్ష సినిమాకు అది చిన్న మొత్తం.

ఓడేమో లేదు. సీరియల్ ఆగిపోగానే సెట్టు పోయింది. అప్పుడు కళాబృందం ఆ డీవీడీల్లోని బొమ్మలను ఆపి, చూసి, వాటి ఆధారంగా లోపలి భాగాన్ని మళ్లీ కట్టింది. అభిమానులు ఇంట్లో చూసుకున్న డిస్కులే వడ్రంగులకు నమూనా అయ్యాయి! టీవీలో సరిపోయిన పనితనం పెద్ద తెర మీద దొరికిపోతుంది. రంగూ, మరకా, అతుకూ అన్నీ మళ్లీ ఆలోచించుకోవాలి. ఆ కష్టం చేసినవాళ్లకే తెలుస్తుంది.

సినిమా మొదట్లో కెమెరా కెప్టెన్ వెంట నౌకంతా తిరిగే పొడవాటి షాట్ ఉంది. పై అంతస్తు ఒక సెట్టు, కింది అంతస్తు ఇంకో సెట్టు. మధ్యలో అతుకు కనబడకుండా కలిపారు. సీరియల్ చూడనివాళ్లకు అదే పరిచయం: ఎవరు ఎక్కడ తింటారు, ఎవరు ఎవరి మీద విసుక్కుంటారు. ఛానెల్ పక్కనపెట్టిన తొలి పరిచయాన్ని వీడన్ నాలుగైదు నిమిషాల్లో తిరిగి ఇచ్చాడు. నా దృష్టిలో సినిమా మొత్తానికీ గొప్ప పని అదే. మిగతా చోట్లా టీవీ పొదుపే. ఎగిరే బండిని వెంటాడే దృశ్యాన్ని, లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన నిజమైన రోడ్డు మీద, ట్రైలర్‌కు బిగించిన చేయి చివర బండిని నిలిపి తీశారు.

2005 సెప్టెంబర్ 30న విడుదలైంది. ప్రపంచమంతా కలిపి ఖర్చుకు కాస్త అటూఇటుగా వసూలు చేసింది. రెండో సినిమా రాలేదు.

చూడాలనుకునేవాళ్లకు ఒక్క మాట. సినిమాతో మొదలుపెట్టకండి. ముందు ఆ రెండు గంటల తొలి భాగం చూడండి, తర్వాత మిగతావి వరుసగా. సినిమా ఆఖర్న.