స్త్రీల వినికిడి, హార్మోన్లు: వైద్యచరిత్ర చెప్పే పాఠం

ప్రసవించిన స్త్రీ చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టడం మీరు చూసే ఉంటారు. చల్లగాలి సోకితే బాలింత చెవికి చేటని మన పెద్దల నమ్మకం. కాన్పుకూ వినికిడికీ సంబంధం ఉందన్న ఆలోచన మన ఇళ్ళకే పరిమితం కాదు. యూరప్ వైద్యులూ చాలాకాలం అలాగే భావించారు. ఆ భావన ఎలా పుట్టిందో, ఎంతవరకు నిలిచిందో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

1. గర్భధారణపై పడిన నింద

మధ్యచెవిలో అంకవన్నె అనే చిన్న ఎముక ఉంటుంది. దాని చుట్టూ కొత్త ఎముక పెరిగి అది బిగుసుకుపోతే శబ్దం లోపలిచెవికి సరిగా చేరదు. ఈ వ్యాధి పేరు ఓటోస్క్లెరోసిస్. వియన్నా వైద్యుడు ఆడమ్ పొలిట్జర్ 1893లో దీన్ని వివరించాడు. ఇది స్త్రీలలో ఎక్కువగా బయటపడుతుంది. గర్భిణిగా ఉన్నప్పుడే వినికిడి తగ్గిందని పలువురు చెప్పడంతో, 20వ శతాబ్ది తొలి దశకాల్లో చాలామంది వైద్యులు ఈ వ్యాధి ఉన్న స్త్రీలను పిల్లల్ని కనవద్దన్నారు. కొందరు గర్భస్రావం కూడా సూచించారు.

2. హార్మోన్ల వివరణ

‘హార్మోన్’ అనే మాటను 1905లో స్టార్లింగ్ వాడుకలోకి తెచ్చాడు. 1929లో ఈస్ట్రోజన్ వర్గపు తొలి హార్మోన్‌ను వేరుచేశారు. దీంతో పాత అనుమానానికి కొత్త ఆధారం దొరికినట్లయింది. లోపలిచెవి కణాల్లోనూ ఈస్ట్రోజన్‌ను గ్రహించే గ్రాహకాలు ఉన్నాయని తరవాతి పరిశోధనల్లో తేలింది. 1938లో హెన్రీ టర్నర్ వర్ణించిన స్థితిలో అండాశయాలు సరిగా పనిచేయవు. ఆ స్త్రీలలో చాలామందికి చిన్నవయసులోనే వినికిడి తగ్గుతుంది. కాబట్టి హార్మోన్లకూ చెవికీ సంబంధం లేదనలేం.

3. పోల్చి చూసినప్పుడు

పాత వైద్యులు తమ వద్దకు వచ్చిన తల్లులనే లెక్కించారు. పిల్లలు లేని రోగులతో పోల్చలేదు. ఈ వ్యాధి ముదిరే వయసూ, పిల్లల్ని కనే వయసూ దాదాపు ఒకటేనన్నది గమనించలేదు. 2005లో అమెరికాలో లిప్పీ బృందం ఆ పోలిక చేసింది. రెండు వర్గాల వినికిడిలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. 2017లో అక్కడి నర్సులు సుమారు 81 వేల మందిపై ప్రచురించిన అధ్యయనం మరో అంచనాను తలకిందులు చేసింది. ముట్లుడిగాక హార్మోన్ మాత్రలు వాడితే వినికిడి నిలుస్తుందని ఆశించారు. కాని ఎక్కువకాలం వాడినవారిలోనే వినికిడి లోపం ఎక్కువగా కనిపించింది. ఇది కార్యకారణ రుజువు కాదు. అయితే మాత్రలు చెవిని కాపాడతాయనడానికి ఆధారం లేదని తెలిసింది.

4. మన ప్రాంతానికి అన్వయం

మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ వంటి ఏజెన్సీ మండలంలో నడివయసు స్త్రీ “సరిగ్గా వినబడతలేదు” అంటే, “కాన్పుల వల్ల”, “వయసు మీద పడింది” అని తోసేయడం తేలిక. గులిమి, చీము కారడం, కొన్ని మందుల ప్రభావం, నిరంతర శబ్దం, ఇలా కారణం ఏదైనా కావచ్చు. వీటిలో కొన్ని చికిత్సతో నయమవుతాయి. అంకవన్నె బిగిసినా శస్త్రచికిత్స ఉంది. 1956లో జాన్ షీ అందుకు కొత్త దారి వేశాడు. ముందు ఆడియోమీటర్‌తో పరీక్ష జరగాలి.

సారాంశం: హార్మోన్ల ప్రభావం నిజమే కావచ్చు. కాని పరీక్షించకుండా అంగీకరించిన కారణం ఒకప్పుడు స్త్రీలకు మాతృత్వాన్నే దూరం చేసింది. ఇప్పుడు చికిత్సను దూరం చేయకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పాత వైద్యుల నిర్ధారణలో లోపించిన పోలిక ఏది? ఐదు వాక్యాలలో రాయండి.