ఘంటసాల భగవద్గీత వినపడితే "ఎవరు పోయారు?" అని ఎందుకు అడుగుతాం?

ఈ ఎపిసోడ్‌లో ఒక రికార్డు గురించి, దాన్ని విన్న జనం గురించి మాట్లాడుకుందాం.

ఏలూరులో గానీ, తాడేపల్లిగూడెంలో గానీ, కొల్లేటి లంకల్లో గానీ పొద్దున్నే వీధి చివర్నుంచి ఘంటసాల గారి భగవద్గీత వినపడిందనుకోండి. మన నోట్లోంచి ముందు వచ్చే మాట ఏంటి? "అయ్యో, ఎవరు పోయారు?" మరి ఈ రికార్డు చావు ఇంటి కోసం చేసిందా? కాదు కదా.

ఘంటసాల గారు మనకి పరాయి ఊరి మనిషి కాదు. 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. అంటే కొల్లేటికి ఆ పక్కనే. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్ళారు. తర్వాత రెండు దశాబ్దాలకు పైగా తెర మీద రామారావు గారున్నా, నాగేశ్వరరావు గారున్నా, పాట మాత్రం ఎక్కువగా ఈయనదే.

భగవద్గీత ఆయన ఆఖరి రోజుల పని. అప్పటికే ఒంట్లో బాగాలేదు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. వయసు 51. హెచ్.ఎం.వి. రికార్డు బయటికొచ్చింది ఆయన పోయాకే. ఇది గమనించండి. జనం మొదటిసారి విన్నప్పుడే అది పోయిన మనిషి గొంతు.

రెండో కారణం, ఆ రికార్డు కట్టిన తీరు. ముందు శ్లోకం రాగంలో పాడతారు, వెంటనే తాత్పర్యం తెలుగులో ఆయనే చెప్తారు. సంస్కృతం రాని రైతుకీ, చేపల చెరువు కాపలావాడికీ అర్థమైపోతుంది. పైగా రెండో అధ్యాయంలో దేహం పోతుంది, ఆత్మ పోదు అనే మాట ఉంది. ఏడుస్తున్న ఇంట్లో అంతకన్నా ఓదార్పు ఏముంటుంది?

మూడోది క్యాసెట్టు. టేప్ రికార్డర్లు ఊళ్ళలోకి వచ్చాక, మైకు సెట్టు పెట్టి ఒక్క బటన్ నొక్కితే చాలు. ఆ తర్వాత వైకుంఠ రథం కూడా అదే పాట ఎక్కించుకుంది.

విన్నవాళ్ళ అభిప్రాయాలు ఒక్కలా లేవు. "సినిమా పాటలన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు" అనే పెద్దవాళ్ళున్నారు. "గీతని ఇలా పాటలా పాడతారా?" అన్నవాళ్ళూ ఉన్నారు. "ఆపండి బాబూ, గుండె జారిపోతోంది" అనేవాళ్ళయితే ప్రతి వీధిలో ఉన్నారు.

మా అమ్మమ్మది కైకలూరు వైపు. మంచాన పడ్డాక, "ఒరేయ్, ఘంటసాల గీత పెట్టండ్రా" అని అడిగింది. ఇంట్లోవాళ్ళు పెట్టలేదు. "బతికున్న మనిషి పక్కన అదేంటి, వీధిలో ఏమనుకుంటారు?" అన్నారు. ఆవిడ పోయిన రోజు మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోగించారు. అడిగిన మనిషి వినలేదు.

అసలు గీత చెప్పింది ఎవరికండీ? చచ్చిపోయినవాడికి కాదు. విల్లు కింద పడేసి, నావల్ల కాదని కూలబడ్డ అర్జునుడికి. బతికున్నవాణ్ణి లేపడానికి.

మాటలు దొరకని గంటలో మన జనం ఆ గొంతునే పిలుచుకున్నారంటే, ఒక గాయకుడికి అంతకన్నా గౌరవం లేదు. దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ గౌరవమే గోడై, వినాలని అడిగిన ముసలావిడకి అడ్డం పడకూడదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా అడిగితే, ఈ రోజే పెట్టండి. పక్కన కూర్చుని మీరూ వినండి.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.