రోల్‌బ్యాక్ ఏ వెర్షన్‌కి?

2019 ఏప్రిల్ 15 సాయంత్రం పారిస్‌లో నోత్రదామ్ కెథెడ్రల్ తగలబడుతుంటే ప్రపంచమంతా టీవీల ముందు కూర్చుని చూసింది. 2024 డిసెంబరు 7న దాని తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. ఈ మధ్యలో జరిగిన కథ మనలాంటి సాఫ్ట్‌వేరు జీవులు తప్పకుండా తెలుసుకోవాల్సింది అని నా గట్టి నమ్మకం. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ముందు అలారం సంగతి. ఆ రోజు సాయంత్రం 6:20 ప్రాంతంలో మొదటి అలారం మోగింది. తర్వాత పత్రికల వాళ్ళు తవ్వి తీసిందేంటంటే, తెర మీద వచ్చిన మెసేజిలో మంట ఏ చోటో సూటిగా అర్థం కాలేదు. చూసి రమ్మని పంపిన గార్డు అసలు కప్పు కిందకి వెళ్ళకుండా పక్కనున్న చిన్న కట్టడం అటకెక్కి చూశాడు. అక్కడేం లేదు. విషయం తెలుసుకుని సరైన చోటికి మెట్లెక్కి వెళ్ళేసరికి అరగంట అయిపోయింది, అప్పటికే లోపలంతా మంటలు. అటకలో స్ప్రింక్లర్లు కూడా లేవు. రాత్రి 8 గంటల లోపే 96 మీటర్ల శిఖరం కూలిపోయింది. అంటే సెన్సారు తన పని తాను చేసింది, మనిషికి అర్థమయ్యేలా చెప్పడం ఒక్కటే ఎవరూ చెయ్యలేదు. అర్ధరాత్రి ఫోన్లో వచ్చే అలర్టులు చదివి తల గోక్కునే వాళ్ళకి ఇంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు కదా!

కప్పు కింద ఉన్న ఓక్ దూలాల చట్రాన్ని ఫ్రెంచి వాళ్ళు 'అడవి' అని పిలుచుకునేవాళ్ళు. అందులో ఎక్కువ భాగం 12, 13 శతాబ్దాల నాటి కలప. అదంతా ఆ రాత్రే బూడిదైపోయింది. దాని కిందున్న రాతి కమానుల కప్పు మూడు చోట్ల చిల్లులు పడ్డా మిగతాది నిలబడబట్టి లోపలి భాగం బతికింది. అగ్నిమాపక దళం వాళ్ళు ప్రాణాలకి తెగించి ఉత్తరపు గోపురంలోకి వెళ్ళి అక్కడి మంట ఆర్పబట్టి గంటలున్న గోపురాలు మిగిలాయి. సుమారు 8,000 గొట్టాలున్న పెద్ద ఆర్గన్ కూడా సీసపు దుమ్ము పట్టిందే తప్ప కాలలేదు.

మర్నాడే అధ్యక్షుడు మాక్రాన్ అయిదేళ్ళలో కట్టేస్తాం అన్నాడు. ఎస్టిమేషన్ వెయ్యకుండా డెడ్‌లైన్ చెప్పే మేనేజర్లు అన్ని దేశాల్లోనూ ఉంటారన్నమాట :) ఏప్రిల్ 17న ప్రధాని కొత్త శిఖరం కోసం అంతర్జాతీయ పోటీ పెడతామన్నాడు. ఇంకేముంది, గాజు కప్పులు, కప్పు మీద తోటలు, ఆఖరికి స్విమ్మింగ్ పూల్ డిజైన్లు కూడా వచ్చి పడ్డాయి.

ఇక్కడే అసలు ప్రశ్న మొదలవుతుంది. కాలిపోయిన పాత కట్టడాన్ని తిరిగి కట్టాలంటే, ఏ 'పాత'ని కట్టాలి?

కూలిపోయిన ఆ శిఖరం మధ్యయుగాలది కాదు. 13వ శతాబ్దపు శిఖరం బలహీనపడితే 18వ శతాబ్దం చివర్లో విప్పేశారు. తర్వాత కెథెడ్రల్ చాలా పాడైపోయింది. 1831లో విక్టర్ హ్యూగో దాని మీద నవల రాశాక జనం దృష్టి మళ్ళింది. 1844లో బాగుచేసే పని లాస్యూ, వియొలే లె ద్యుక్ అనే ఇద్దరికి అప్పగించారు. అప్పటికి వియొలే లె ద్యుక్ వయసు ముప్పయ్యేళ్ళు! 1859లో ఆయన పూర్తిచేసిన శిఖరం పాతదానికి నకలు కూడా కాదు. అంతకన్నా ఎత్తుగా, తన ఊహకి తగ్గట్టు కట్టాడు. దాని కింద పెట్టిన రాగి విగ్రహాల్లో సెయింట్ థామస్‌కి తన ముఖమే పెట్టుకుని, తన శిఖరాన్ని తానే తలెత్తి చూస్తున్నట్టు నిలబెట్టాడు. కోడ్‌లో కామెంటు పెట్టి సంతకం చేసుకున్నట్టు! మరమ్మతు పనుల కోసం ఆ 16 విగ్రహాలని మంటలకి నాలుగు రోజుల ముందే కిందకి దించడం ఎంత అదృష్టమో చూడండి.

ఫ్రాన్సులోనే మిగతా కెథెడ్రళ్ళు ఏం చేశాయో చూస్తే తమాషాగా ఉంటుంది. షార్త్ర్ కెథెడ్రల్ కప్పు 1836లో కాలిపోతే కలప బదులు ఇనుప చట్రం వేసి పైన రాగి రేకు కప్పారు. 1914 సెప్టెంబరులో జర్మన్ ఫిరంగి గుళ్ళకి రీమ్స్ కెథెడ్రల్ కప్పు తగలబడితే, ఆన్రీ దెనూ అనే ఆర్కిటెక్టు చిన్న చిన్న కాంక్రీటు ముక్కలని కూర్చి కప్పు కట్టాడు. 1938లో అది మళ్ళీ తెరుచుకుంది. నాంత్ కెథెడ్రల్ కప్పు 1972లో కాలిపోతే అక్కడా కాంక్రీటే వాడారు. 2020 జులైలో అదే నాంత్‌లో మళ్ళీ నిప్పంటుకుంది. పెద్ద ఆర్గన్ పోయింది గానీ కప్పుకి ఏమీ కాలేదు.

మరి ఇంజనీర్లుగా మనం కాంక్రీటుకే ఓటు వెయ్యాలి కదా? నిజం చెప్పాలంటే నాంత్ ఉదాహరణ చాలా బలమైన వాదన, దాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. అయినా 2020 జులైలో వారసత్వ కట్టడాల జాతీయ సంఘం ఓక్ కలప, సీసపు రేకు, వియొలే లె ద్యుక్ శిఖరం - అంతా కాలకముందు ఎలా ఉందో అలాగే అని తేల్చింది. ముఖ్య ఆర్కిటెక్టు ఫిలిప్ విల్నవ్ మొదట్నించీ దీనికోసమే పట్టుబట్టాడు, లేకపోతే తప్పుకుంటానని కూడా అన్నాడు. ఎనిమిది వందల ఏళ్ళు టెస్టు అయిన డిజైన్ అది, గోడలు ఆ బరువుకే అలవాటు పడ్డాయి అన్నది ఆ పక్షం వాదన.

ఈ నిర్ణయం అసలు సాధ్యమైందెలా అన్నది నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకుంది. 2014లో రెమి ఫ్రోమోఁ, సెడ్రిక్ ట్రాంత్సో అనే ఇద్దరు ఆర్కిటెక్టులు ఆ చట్రాన్ని దూలం దూలం కొలిచి బొమ్మలు గీసి పెట్టారు. ఆండ్రూ టాలన్ అనే అమెరికన్ కళాచరిత్రకారుడు లేజర్ స్కానర్‌తో కట్టడమంతా వంద కోట్లకి పైగా బిందువులుగా నమోదు చేశాడు. ఆయన 2018 నవంబరులో, అంటే మంటలకి అయిదు నెలల ముందే చనిపోయాడు. ఎవరూ అడగనప్పుడు, అవసరం కనబడనప్పుడు చేసిన డాక్యుమెంటేషన్ ఇది. బ్యాకప్ అంటే ఇదే కదండీ!

సరే, అసలు పని. శిఖరం మరమ్మతుకి వేసిన ఇనుప పరంజా సుమారు 40,000 ముక్కలు మంటల్లో కరిగి ఒకదానికొకటి అతుక్కుపోతే, 2020లో తాళ్ళకి వేలాడుతూ కోసి తీశారు. సుమారు 2,000 ఓక్ చెట్లు కొట్టారు. ముందు, వెనక భాగాల కప్పు దూలాలని పాతకాలపు పద్ధతిలో, అందుకోసమే కొత్తగా కొట్టించిన గొడ్డళ్ళతో చేత్తో చెక్కారు. పాత పద్ధతి అన్నారు కదా అని పాత నిర్లక్ష్యం కూడా తిరిగి తేలేదు. మంట ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకకుండా అడ్డుకట్టలు, నీటి తుంపర్లు చల్లే వ్యవస్థ, థర్మల్ కెమెరాలు పెట్టారు. సుమారు 84 కోట్ల యూరోల విరాళాలు దాదాపు 150 దేశాల నుంచి వచ్చాయి. పనంతా నడిపిన జనరల్ జార్జెలాఁ మాత్రం 2023 ఆగస్టులో కొండల్లో నడుస్తూ పడిపోయి చనిపోయాడు, తెరుచుకున్న రోజు చూడలేదు.

సీసం విషయంలో విమర్శలు వచ్చాయి, అవి న్యాయమైనవే. 2019 వేసవిలో సీసపు దుమ్ము వల్ల కొన్ని వారాలు పనే ఆపాల్సి వచ్చింది. అదే సీసాన్ని మళ్ళీ కప్పు మీద పరవడం నాకూ మింగుడుపడలేదు.

కలప సంగతికొస్తే మాత్రం నేను ఓక్ వైపే. కాంక్రీటు పోసుంటే కప్పు మిగిలేది. ఓక్‌తో కట్టడం వల్ల, ఆ కప్పు కట్టగలిగే మనుషులు మిగిలారు. పచ్చి దుంగని చూసి దాని వంపుని బట్టి గొడ్డలి పట్టడం తెలిసిన వడ్రంగులు కొత్తగా తయారయ్యారు. వాళ్ళు రేపు ఇంకో వంద పాత కప్పుల్ని బతికించగలరు. సోర్సు కోడ్ ఎంత భద్రంగా ఉన్నా, దాన్ని చదివి బిల్డ్ చెయ్యగలిగేవాడు లేకపోతే దండగే.

'ఏ వెర్షన్' అన్న ప్రశ్న ఇంకా అయిపోలేదు. దక్షిణం వైపు ఆరు చిన్న మందిరాల్లో వియొలే లె ద్యుక్ నాటి రంగు గాజు కిటికీలు మంటల్ని తట్టుకుని నిలబడ్డాయి. వాటిని తీసి కొత్త కళాకారులతో చేయించినవి పెడతామని 2023 డిసెంబరులో మాక్రాన్ ప్రకటించాడు. 2024 జులైలో వారసత్వ సంఘం వద్దంది, లక్షకి పైగా జనం వద్దని సంతకాలు పెట్టారు. అయినా ఆ డిసెంబరులోనే క్లేర్ తాబురే అనే చిత్రకారిణిని ఎంపిక చేశారు. కాలిపోయినదాన్నేమో అచ్చం పాతలాగే కట్టాలట, కాలకుండా మిగిలినదాన్నేమో మార్చెయ్యొచ్చట! వియొలే లె ద్యుక్ తన కాలంలో తన ముద్ర వేశాడు కదా, మేం వేస్తే తప్పేంటి అంటారు వాళ్ళు. కానీ ఆయన శిఖరం కట్టింది ఖాళీగా ఉన్న చోట. పని చేస్తున్న మాడ్యూలుని కేవలం మన పేరు పడాలని తిరగరాస్తే ఏమవుతుందో మనకి బాగా తెలుసు. మరి మీరేమంటారు?