మూసీ మురుగులో కుళ్లని రసాయనాలు

హైదరాబాద్ మురుగునీటి వ్యవస్థకు మూలం ఒక వరద. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఆపే జలాశయాలతో పాటు నగరానికి భూగర్భ మురుగు కాల్వల పథకాన్నీ ఆయన సూచించారు. ఆ కాలంలో మురుగంటే మలమూత్రాలు, వంటింటి నీళ్లు, బట్టలుతికిన నీళ్లు. అన్నీ నాలుగు రోజులుంటే కుళ్లేవే.

మురుగు శుద్ధి విద్య పుట్టిందే ఆ కుళ్లే గుణం మీద. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే రసాయన శాస్త్రవేత్తలు మురుగులోకి గాలి ఊది, అడుగున చేరిన మడ్డిని పారబోయకుండా మళ్లీ వాడుకున్నారు. మడ్డిలోని బ్యాక్టీరియా మాలిన్యాన్ని గంటల్లో తినేసింది. అంబర్‌పేటలో మూసీ ఒడ్డున రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యంతో కట్టిన కేంద్రం పద్ధతి కొంత వేరు. అక్కడ మొదటి దశలో గాలి తగలని తొట్లలో బ్యాక్టీరియా పనిచేసి మీథేన్ వదులుతుంది. పద్ధతి ఏదైనా పనివాళ్లు సూక్ష్మజీవులే. అవి తినలేనిది అక్కడ శుద్ధి కాదు.

ఈ పరిమితి నగర శివారులోని పటాన్‌చెరు పుణ్యమా అని బయటపడింది. మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు నక్కవాగును, చుట్టుపక్కల చెరువులను పాడుచేయడంతో 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. ఫ్యాక్టరీలన్నిటికీ కలిపి ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. అక్కడ శుద్ధి చేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం ప్రకటించింది. తర్వాత ఆ నీటిని 18 కిలోమీటర్ల పైపులైన్‌తో నగర మురుగులో కలిపి అంబర్‌పేటకు మళ్లించారు. పలచబరచడాన్ని శుద్ధి అనుకున్నారు.

సిప్రోఫ్లాక్సాసిన్ అణువులో ఉన్నది ఒక్క ఫ్లోరిన్ పరమాణువు. అంతకంటే మొండివైన, పీఫాస్ అని పిలిచే రసాయనాల్లో కర్బన గొలుసుకు హైడ్రోజన్ ఉండాల్సిన చాలా చోట్ల ఫ్లోరినే ఉంటుంది. నూనె, నీరు అంటని కాగితాలు, మరకలు పట్టని బట్టలు, మంటలార్పే నురగ, క్రోమియం పూత తొట్లు వీటికి నెలవులు. సేంద్రియ రసాయన శాస్త్రంలో కర్బన-ఫ్లోరిన్ బంధం కంటే గట్టి ఏక బంధం దాదాపు లేదు. దాన్ని తెంచి బతికే విద్య బ్యాక్టీరియాకు దాదాపు అబ్బలేదు.

శుద్ధి కేంద్రంలో ఈ రసాయనాలు విచిత్రంగా ప్రవర్తిస్తాయి. కొన్నింటికి సగం గొలుసు మామూలు హైడ్రోకార్బన్, సగం ఫ్లోరిన్ తొడుగు. బ్యాక్టీరియా మొదటి సగాన్ని కొరికి, రెండో సగాన్ని వదిలేస్తుంది. ఆ మిగులు పీఎఫ్ఓఏ వంటి మొండి ఆమ్లంగా తేలుతుంది. అందుకే కొన్ని అమెరికా కేంద్రాల్లో లోపలికి వచ్చిన నీటిలో కంటే బయటికి పోయే నీటిలో ఇవి ఎక్కువగా కనబడ్డాయి. కేంద్రం పనితీరును కొలిచే బీవోడీ పరీక్షకు ఇదేదీ కనిపించదు. అది కుళ్లేదాన్నే లెక్కిస్తుంది.

ఇక మడ్డికి, నీటికి మధ్య పంపకం గొలుసు పొడవును బట్టి జరుగుతుంది. ఎనిమిది కర్బనాల పీఎఫ్ఓఎస్ వంటివి చాలావరకు మడ్డికి అంటుకుంటాయి. నాలుగు కర్బనాల పొట్టివి నీటితో నదిలోకి పోతాయి. స్టాక్‌హోం ఒప్పందం 2009లో పీఎఫ్ఓఎస్‌ను, 2019లో పీఎఫ్ఓఏను కట్టడి చేయగా, పరిశ్రమ పొట్టి గొలుసులకు మారింది. శుద్ధి కేంద్రానికి అవి మరింత అందనివి.

2021లో హైదరాబాద్‌కు రూ.3,866 కోట్లతో మంజూరైన 31 కొత్త కేంద్రాలదీ జీవశుద్ధి పద్ధతే. పీఫాస్‌ను పట్టాలంటే చివర యాక్టివేటెడ్ కార్బన్ లేదా అయాన్ మార్పిడి రెసిన్ ఉండాలి. పొట్టి గొలుసులతో కార్బన్ త్వరగా చేతులెత్తేస్తుంది. నిండిన కార్బన్‌లోని విషాన్ని చివరికి చాలా ఎక్కువ వేడి దగ్గర కాల్చాల్సిందే.

మడ్డి ఎరువుగా చేలకు చేరితే కథ పల్లెకు మారుతుంది. మొక్కలో పొట్టి గొలుసులు ఆకులకు, కాయలకు ఎక్కుతాయి, పొడవైనవి ఎక్కువగా వేళ్ల దగ్గరే ఆగుతాయి. నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ ప్రాంతపు పసుపు లాంటి పంటకు ఈ తేడా ముఖ్యం. కొమ్ము ఎనిమిది, తొమ్మిది నెలలు మట్టిలోనే ఊరుతుంది, పైగా ఎరువు మెండుగా కోరే పంట. తవ్విన పసుపును ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి మార్కెట్ యార్డుకు తెస్తారు. ఆ ఉడుకుకు పీఫాస్ చెక్కుచెదరదు. నగర కంపోస్టుకు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు విధించిన ప్రమాణాల్లో సీసం, కాడ్మియం, పాదరసం ఉన్నాయి, పీఫాస్ లేదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం మడ్డితో పొలాలు పాడయ్యాక 2022లో దాన్ని చేలల్లో చల్లడాన్నే నిషేధించింది.