వేవ్ ఫైలు: ఖండపఠనము

ధ్వని, చిత్రాది దత్తాంశమును నామపరిమాణములతో గూడిన ఖండములుగా పేర్చి భద్రపరచు పద్ధతి 1985లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ వెలువరించిన ఐఎఫ్ఎఫ్‌తో ప్రసిద్ధికెక్కి, 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎమ్ సంస్థలు రూపొందించిన రిఫ్ రూపమున వేవ్ ఫైళ్లకు ఆధారమైనది. వరంగల్ చెంత ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గుకథను సెకనుకు 44,100 నమూనాల చొప్పున 16 బిట్ల స్టీరియోగా ముద్రించినచో, డోలు మ్రోగినను మ్రోగకున్నను, ప్రతి సెకనుకును 1,76,400 బైట్లు ‘డేటా’ ఖండమున చేరును.

ప్రతి ఖండమునకును మొదట నాలుగు బైట్ల నామము, పిదప నాలుగు బైట్ల పరిమాణము, అటుపై దత్తాంశము నుండును. పైథాన్‌లో స్ట్రక్ట్ మాడ్యూలుతో తొలి యెనిమిది బైట్లను విప్పి, పరిచితమైన ఖండమును చదివి, అపరిచితమైనదానిని దాని పరిమాణము మేరకు దాటిపోవలయును; పరిమాణము బేసిసంఖ్యయైనచో పూరకముగా నుంచిన బైటును గూడ విడువవలయును. ఐఎఫ్ఎఫ్‌లో అధికస్థానపు బైటును, రిఫ్‌లో అల్పస్థానపు బైటును ముందు వ్రాయుదురు గనుక, ధ్వనిరూపమును దెలుపు ‘ఎఫ్ఎమ్‌టీ’ ఖండపు సాధారణ పరిమాణమైన 16ను క్రమము తప్పి చదివినచో 26,84,35,456 అగును. ఇంతకన్న తరచైన దోషము, ధ్వనికి ముందుండు శీర్షభాగ మెల్లప్పుడు 44 బైట్లేయని నమ్ముట. నడుమ ‘లిస్ట్’ ఖండ మున్నయెడల అందలి అక్షరములే ధ్వనిగా చదువబడి చిటపటలు వినవచ్చును.

పరిమాణము 32 బిట్లలోనే యిమిడి యుండవలయును గావున, పై లెక్కన ఆరుమ్ముక్కాలు గంటలు మించిన ముద్రణమునకు ఆర్ఎఫ్64 అను విస్తరణము అవసరమగును.