ద్వితీయ పైత్యరస ఆమ్లాలు

కాలేయంలో పుట్టిన పైత్యరస ఆమ్లాలను పేగుల్లోని బ్యాక్టీరియా మార్చగా ఏర్పడేవి ద్వితీయ పైత్యరస ఆమ్లాలు. డీఆక్సీకోలిక్, లిథోకోలిక్ ఆమ్లాలు వీటిలో ముఖ్యమైనవి. కొవ్వుల జీర్ణానికి తోడ్పడటమే కాక, హార్మోన్ల మాదిరిగా కణాలకు సంకేతాలూ అందిస్తాయి. మోతాదును బట్టి మేలూ చేస్తాయి, కీడూ చేస్తాయి.

తయారయ్యే తీరు

కాలేయం కొలెస్టరాల్ నుంచి కోలిక్, కీనోడీఆక్సీకోలిక్ ఆమ్లాలను తయారుచేసి, గ్లైసిన్ లేదా టారిన్ జోడించి పైత్యరసంలోకి వదులుతుంది. వాటిలో సుమారు 95 శాతం చిన్నపేగు నుంచి మళ్లీ కాలేయానికే చేరుతుంది. పెద్దపేగులోకి జారిన కొద్దిపాటి ఆమ్లాల నుంచి గ్లైసిన్, టారిన్‌లను తెంచే బ్యాక్టీరియా చాలానే ఉన్నాయి. తర్వాతి మెట్టు మాత్రం క్లాస్ట్రిడియం సిండెన్స్ వంటి కొన్నింటికే సాధ్యం. ఇవి ఏడో కర్బనం మీది హైడ్రాక్సిల్‌ను తొలగిస్తాయి. దాంతో కోలిక్ ఆమ్లం డీఆక్సీకోలిక్‌గా, కీనోడీఆక్సీకోలిక్ ఆమ్లం లిథోకోలిక్‌గా మారతాయి.

ఆరోగ్యంపై ప్రభావం

ఈ ఆమ్లాలు పేగు కణాల్లోని టీజీఆర్5 గ్రాహకాన్ని ప్రేరేపిస్తే జీఎల్‌పీ-1 హార్మోను విడుదలవుతుంది. అది ఇన్సులిన్ స్రావాన్ని పెంచుతుంది. తీవ్ర విరేచనాలు కలిగించే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ ఎదుగుదలను డీఆక్సీకోలిక్ ఆమ్లం అడ్డుకుంటుంది. యాంటీబయాటిక్స్ వాడినప్పుడు ఈ ఆమ్లాన్ని తయారుచేసే బ్యాక్టీరియా చచ్చిపోవడం ఆ జబ్బు తలెత్తడానికి ఒక కారణం.

మోతాదు మించితే డీఆక్సీకోలిక్ ఆమ్లం పెద్దపేగు కణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. కొవ్వు ఎక్కువగా, పీచు తక్కువగా ఉన్న తిండి దీని ఉత్పత్తిని పెంచుతుంది. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆఫ్రికన్ అమెరికన్లకు రెండు వారాలు పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ ఉన్న ఆహారం పెట్టగా పెద్దపేగులో ద్వితీయ ఆమ్లాల తయారీ తగ్గింది. ఇదే కోవలోని అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం కొన్ని కాలేయ వ్యాధులకు మందు.

బెంగళూరు పరిశోధనలు

పైత్యరస ఆమ్లాల అణువుకు ఒక ముఖం కొవ్వును, రెండోది నీటిని ఇష్టపడుతుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఉదయ్ మైత్రా బృందం ఈ గుణాన్ని కొత్త పదార్థాల తయారీకి వాడుకుంది. కోలిక్ ఆమ్లపు మూడు అణువులను కలిపిన సమ్మేళనంతో నీటిని జెల్‌గా గడ్డకట్టించి, ఆ ఫలితాన్ని 2001లో ప్రచురించింది. తర్వాత టెర్బియం కోలేట్ జెల్‌తో ఎంజైములను పసిగట్టే పద్ధతి రూపొందించింది: జెల్‌లో కలిపిన సమ్మేళనాన్ని ఎంజైము తెంచితే, అతినీలలోహిత కాంతి కింద జెల్ ఆకుపచ్చగా వెలుగుతుంది. వీటిలో వాడిన కోలిక్ ఆమ్లం కాలేయం చేసేదే. పేగుల్లో బ్యాక్టీరియా డీఆక్సీకోలిక్ ఆమ్లంగా మార్చేదీ దాన్నే.